తొలి ముద్ద

వానలకు ముందు నర్సరీ చెరువును సిద్ధం చేసే రైతు చేపల సంగతి కొన్నాళ్లు పక్కన పెడతాడు. చెరువును ఎండగట్టి సున్నం చల్లుతాడు. పశువుల పేడ వేసి నీళ్లు పెడతాడు. కొద్ది రోజుల్లో నీళ్లు లేతపచ్చగా తిరుగుతాయి. ఆ నీళ్లను గాజు గ్లాసులో పట్టి వెలుగుకు ఎదురుగా చూస్తే నలకల్లాంటివి కదులుతూ కనిపిస్తాయి. అవి కనిపించాకే హేచరీ నుంచి తెచ్చిన బొచ్చె, రవ్వ పిల్లలను అందులో వదులుతాడు. ఆదిలాబాద్‌లోనైనా కరీంనగర్‌లోనైనా చేపపిల్లల పెంపకం తెలిసినవాళ్ల పద్ధతి ఇదే. పేడ వేసింది చేపల కోసమే, కానీ అది నేరుగా చేపల నోటికి చేరదు. దానిలోని పోషకాలతో నీటిలో కంటికి ఆనని నాచు పెరుగుతుంది. ఆ నాచును రోటిఫర్లనే సూక్ష్మజీవులు తింటాయి. రోటిఫర్లను చేపపిల్లలు తింటాయి. రైతు చేపను పెంచే ముందు చేప తినేదాన్ని పెంచుతున్నాడు, దానికన్నా ముందు అది తినేదాన్ని పెంచుతున్నాడు.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. నిర్మల్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్ వైపు వెళ్తే దారిలో తగిలే ఇచ్చోడకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఈ ప్రాంతం నీళ్లు కడెం వాగులో కలిసి, కుంటాల దగ్గర జలపాతమై దూకి, గోదావరి చేరి, ఆపైన ఎంతో దూరం ప్రయాణిస్తే గానీ బంగాళాఖాతాన్ని చూడవు. అయినా పగడాల దిబ్బల మీద బతికే రంగురంగుల చేపల పిల్లలను గాజుతొట్టెలో ఎలా పెంచుతారో అర్థం చేసుకోవడానికి పేడ వేసిన ఆ చెరువే మంచి మొదలు. తేడా ఒక్కటే. చెరువులో తిండి గొలుసును పేడా ఎండా కలిసి నడిపిస్తాయి. సముద్రపు చేపపిల్ల దగ్గర ప్రతి మెట్టునూ మనిషే కట్టాలి, అదీ గంటలు లెక్కపెట్టుకుంటూ.

గుడ్డు పెట్టించడం సగం పనే

మన దేశంలో చేపల పెంపకం దారి మార్చిన రోజు 1957 జూలై 10. ఆ రోజు ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి పెద్ద కార్ప్ చేపలకు పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఎక్కించి నిలవ నీళ్లలో గుడ్లు పెట్టించారు. జూలై 10ని ఇవాళ జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నాం. ఆ తర్వాత బొచ్చె, రవ్వ, మృగాల అనే ఈ కార్ప్ చేపల పిల్లల కోసం వరద నదుల్లో వలలు పట్టుకుని వెతకాల్సిన పని తప్పింది. గుడ్డు పెట్టించడం వచ్చాక పిల్లల్ని పెంచడం అంత కష్టం కాలేదు. కార్ప్ గుడ్డు ఒక పగలూ రాత్రీ గడవకముందే పొదుగుతుంది. మూడు రోజులు పిల్ల తన కడుపులోని పచ్చసొన మీద బతుకుతుంది. ఆ తర్వాత దాని నోటికి చెరువులోని రోటిఫర్లు పడతాయి, మెత్తగా పొడి చేసిన పల్లిచెక్కా తవుడూ కూడా పడతాయి.

సముద్రపు అలంకార చేపలలో కథ తిరగబడింది. చాలా జాతులు తొట్టెలో నీళ్లు బాగుంటే, మంచి మేత దొరికితే, ఏ ఇంజెక్షనూ లేకుండానే గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పొదుగుతాయి. పిల్లలు వేలల్లో బయటికి వస్తాయి. నాలుగైదు రోజులు గడిచేసరికి తొట్టె ఖాళీ. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా పెంపకందారులకు ఎదురైంది ఇదే. మంచినీటి అలంకార చేపలలో అత్యధిక భాగం నేడు పెంపకం నుంచే వస్తుంటే, సముద్రపు అలంకార చేపలలో అత్యధిక భాగం ఇప్పటికీ పగడాల దిబ్బల మీద పట్టినవే కావడానికి ప్రధాన కారణం ఇక్కడుంది. పిల్లకు తొలి ముద్ద అందించడం మనకు చాలాకాలం చేతకాలేదు.

మూడు పుట్టుకలు

సముద్రపు చేపలన్నీ ఒకే తీరుగా పుట్టవు. పెంపకం ఎంత కష్టమవుతుందో ఆ పుట్టుకే చాలావరకు తేలుస్తుంది.

అందరికీ తెలిసిన క్లౌన్ చేపను చూద్దాం. నారింజ ఒంటి మీద మూడు తెల్లని పట్టీలున్న ఈ చేప 2003లో వచ్చిన యానిమేషన్ సినిమాతో ఇంటింటి పిల్లలకూ పరిచయమైంది. ఇది సముద్ర అనిమొని అనే జీవి చేతుల మధ్య కాపురముంటుంది. పుట్టిన ప్రతి పిల్లా మొదట మగదే. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతది మగతోడవుతుంది. ఆడది రాతిని శుభ్రం చేయించుకుని దాని మీద వందల గుడ్లను అంటిస్తుంది. మగచేప వారం రోజులు పగలంతా వాటి దగ్గరే ఉండి రెక్కలతో నీళ్లు విసురుతుంది, చెడిన గుడ్లను నోటితో ఏరేస్తుంది. నారింజరంగు గుడ్లు రోజురోజుకీ ముదిరి, చివరికి లోపలి పిల్లల వెండికళ్లు బయటికి కనిపిస్తాయి. చీకటి పడిన కాసేపటికి గుడ్లన్నీ ఒక్కసారిగా పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. దానికి అప్పటికే చూసే కళ్లున్నాయి, తెరుచుకునే నోరుంది. తెల్లారేసరికి తిండి వెతుక్కుంటుంది. మన కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా కాయడం చెరువుగట్టున చూసినవాళ్లకు తెలుసు. క్లౌన్ చేప కాపలా గుడ్డు వరకే. పొదిగిన పిల్ల ఎవరి అండా లేకుండా నీటిలో కొట్టుకుపోతుంది.

రెండో పుట్టుక ఏంజెల్ చేపలది, టాంగ్ చేపలది. ఇవి సాయంత్రపు మసకవెలుతురులో నీటి పైపొరల వైపు జంటగా ఎగిరి గుడ్లను నీటిలోకి వదిలేస్తాయి. ఒక్కో గుడ్డు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక్క రోజులో పొదుగుతుంది. బయటికొచ్చిన దానికి నోరు తెరుచుకోలేదు, కళ్లకు రంగు పట్టలేదు. పచ్చసొన సంచికి అతుక్కున్న సన్నని దారప్పోగు అది. మూడో రోజు దగ్గర సొన అయిపోతుంది. సరిగ్గా అప్పుడే కళ్లు నల్లబడతాయి, నోరు విచ్చుకుంటుంది. ఆ నోరు ఎంత చిన్నదంటే తల వెంట్రుక మందం కన్నా పెద్ద ఎర దానికి పట్టడం కష్టం.

మూడోది ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల కార్డినల్ చేపది. ఇందులో మగచేప గుడ్లను తన నోటిలోనే పొదుగుతుంది. పిల్లలు పొదిగాక కూడా కొన్నాళ్లు నోటిలోనే దాచుకుంటుంది. ఆ రోజులన్నీ దానికి ఉపవాసమే. నోరు విప్పి వదిలిన పిల్ల అచ్చు తల్లిదండ్రుల రూపంలో ఉంటుంది, పెద్ద ఎరనే పట్టగలదు. అందుకే పెంచడం సులువు. అయితే ఇంత సులువుగా పెరిగే చేపను కూడా అలంకార వ్యాపారం కోసం దాని సొంత తీరంలోనే అతిగా పట్టారు. 2007లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. పెంచే మార్గం తెలిసినంత మాత్రాన సముద్రానికి మేలు జరగదు. పెంచిన చేపను అడిగి కొనేవాళ్లుంటేనే ఆ మేలు జరుగుతుంది.

మైక్రాన్ల లెక్క

మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం 70 నుంచి 100 మైక్రాన్లు. ఈ కొలత ఒక్కటి గుర్తుంచుకుంటే పిల్లల మేత లెక్కంతా తెలిసిపోతుంది. నాచులో బాగా వాడే నానోక్లోరాప్సిస్ కణం రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. చిన్నరకం సముద్రపు రోటిఫర్ 100 నుంచి 200 మైక్రాన్లు. ఆర్టీమియా అనే చిన్న రొయ్యజాతి జీవి అప్పుడే పొదిగిన పిల్ల 400 నుంచి 500 మైక్రాన్లు. కోపిపాడ్లనే మరో రకం సూక్ష్మజీవులలో కొన్నిటి పిల్లలు 50, 60 మైక్రాన్లే ఉంటాయి.

చేపపిల్ల సాధారణంగా తన నోటి వెడల్పులో సగం ఉన్న ఎరను సులువుగా మింగుతుంది. క్లౌన్ పిల్లకు చిన్న రోటిఫర్ పడుతుంది, ఆర్టీమియా పట్టదు. ఏంజెల్ పిల్లకు రోటిఫర్ కూడా పెద్దదే. నోటికి పట్టని తిండి తొట్టెలో ఎంత ఉన్నా పిల్ల ఆకలితోనే చస్తుంది.

ఈ ఘట్టం ఎంత కీలకమో వందేళ్ల కిందటే ఒక శాస్త్రవేత్త చెప్పాడు. ఉత్తర ఐరోపా సముద్రాల్లో హెర్రింగ్, కాడ్ చేపలు ఒక ఏడు కుప్పలుగా పడి మరో ఏడు ఎందుకు కరువవుతాయని నార్వేకు చెందిన యోహాన్ యోర్ట్ ఆలోచించాడు. సొన అయిపోయి పిల్ల తొలిసారి నోరు తెరిచిన రోజుల్లో తగిన తిండి ఎదుట ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఆ ఏటి తరం బతుకు తేలుతుందని 1914లో ప్రతిపాదించాడు. 1963లో బ్లాక్స్‌టర్, హెంపెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హెర్రింగ్ పిల్లల మీద ఇంకో నిజం చూపించారు. ఆకలితో ఒక హద్దు దాటిన పిల్ల ఇంకా బతికే ఉంటుంది, ఈదుతూనే ఉంటుంది. కానీ ఆ తర్వాత ఎదుట తిండి పోసినా తినే శక్తి దానికి ఉండదు. తొట్టెలో కదులుతున్న పిల్లల్ని చూసి అన్నీ బాగానే ఉన్నాయనుకునే పెంపకందారుకు మర్నాడు ఉదయం అడుగున తెల్లని పొర కనిపించడానికి కారణం ఇదే. నష్టం కనిపించే రోజు ఒకటి, జరిగిన రోజు ఇంకొకటి.

శత్రువుగా వచ్చిన మిత్రుడు

సముద్రపు పిల్లల పెంపకాన్ని సాధ్యం చేసిన రోటిఫర్ మొదట ఒక తెగులుగా లెక్కకొచ్చింది. జపాన్‌లో ఈల్ అనే పాము చేపలను పెంచే చెరువుల్లో ఉన్నట్టుండి నీళ్లు పచ్చదనం పోయి తేటపడేవి. రోటిఫర్లు విపరీతంగా పెరిగి నాచునంతా తినేయడమే అందుకు కారణం. నాచు పోతే ప్రాణవాయువు తగ్గేది, ఈల్‌లు చచ్చేవి. ఆ రోటిఫర్లనే కావాలని పెంచి సముద్రపు చేపపిల్లలకు మేతగా వేయవచ్చని తకాషీ ఇతో 1960లో చూపించాడు. అక్కడి నుంచి జపాన్ సముద్రపు హేచరీలు, ఆ తర్వాత ప్రపంచపు హేచరీలన్నీ ఆ బాట పట్టాయి.

రోటిఫర్‌కు మేతగా పనికొచ్చే గుణాలు చాలా ఉన్నాయి. నెమ్మదిగా ఈదుతుంది కాబట్టి అప్పుడే పుట్టిన పిల్లకు అందుతుంది. నీటిలో తేలుతూ ఉంటుంది కాబట్టి అడుగున పడి కుళ్లదు. తిండి సమృద్ధిగా ఉన్నప్పుడు ఆడవే ఆడపిల్లలను కంటాయి, మగవాటి అవసరమే రాదు. పుట్టిన ఒకటి రెండు రోజులకే గుడ్లు పెట్టడం మొదలవుతుంది. పరిస్థితి చెడినప్పుడు మాత్రం మగవి పుడతాయి, వాటితో కలిసిన ఆడవి గట్టి పెంకున్న గుడ్లు పెడతాయి. తొట్టెలో మగవి కనబడ్డాయంటే పెంపకందారు జాగ్రత్తపడాలి.

ఎన్ని కావాలో ఒక లెక్క వేద్దాం. పిల్లలున్న వంద లీటర్ల తొట్టెలో మిల్లీలీటరుకు పది రోటిఫర్లు ఉండాలనుకుంటే మొత్తం పది లక్షలు కావాలి. బాగా నడుస్తున్న రోటిఫర్ డ్రమ్ములో మిల్లీలీటరుకు 250 ఉంటే ఆ పది లక్షలు నాలుగు లీటర్ల నీళ్లలో దొరుకుతాయి. ఆ నాలుగు లీటర్లను సన్నని వలగుడ్డలో వడకట్టి, శుభ్రమైన ఉప్పునీటితో కడిగి, పిల్లల తొట్టెలో కలపాలి. తినగా తగ్గినవాటిని లెక్కచూసి రోజూ భర్తీ చేయాలి. ఇలా వారం పది రోజులు సాగాలి. మధ్యలో ఒక్కరోజు రోటిఫర్ డ్రమ్ము కుప్పకూలినా పిల్లలు చేజారిపోతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు ఒక డ్రమ్మును నమ్ముకోరు. రెండో డ్రమ్ము, మూడో సీసా వేరే మూల పెట్టుకుంటారు.

రోటిఫర్‌కు ఏం పెడితే అదే చేపపిల్ల కడుపులోకి వెళ్తుంది. రొట్టెలకు వాడే ఈస్టుతో రోటిఫర్లు చవగ్గా, వేగంగా పెరుగుతాయి. కానీ వాటిలో పిల్లకు కావలసిన కొవ్వులుండవు. కార్ప్ వంటి మంచినీటి చేపలు గింజల నూనెలలోని పొట్టి కొవ్వు ఆమ్లాలను తమ ఒంట్లోనే పొడవైన వాటిగా మార్చుకోగలవు. పల్లిచెక్కా తవుడూ తిని బతకగలగడానికి ఇదొక కారణం. సముద్రపు చేపపిల్లలకు ఆ శక్తి చాలా తక్కువ. డీహెచ్‌ఏ, ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు వాటికి మేతలోనే అందాలి. కన్ను, మెదడు కట్టుకునేది డీహెచ్‌ఏతోనే. అది చాలని పిల్ల ఎరను గురిచూసి పట్టలేదు. తొట్టెకు చిన్న తాకిడి తగిలినా బిగుసుకుపోతుంది. నానోక్లోరాప్సిస్ నాచులో ఈపీఏ ఎక్కువ, ఐసోక్రైసిస్ నాచులో డీహెచ్‌ఏ ఎక్కువ. రెండూ కలిపి రోటిఫర్లకు పెడితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

పచ్చనీళ్లు, నల్లగోడలు

తిండి ఉంటే చాలదు, పిల్లకు అది కనిపించాలి. పుట్టిన తొలి రోజుల్లో చేపపిల్ల చూపు ఆనేది తన ఒంటి పొడవంత దూరమే. తెల్లటి తొట్టెలో, తేటనీళ్లలో, పారదర్శకమైన రోటిఫర్ దాని కంటికి ఆనదు. అందుకని తొట్టె గోడలను నల్లగా ఉంచి, వెలుతురును పైనుంచి మాత్రమే రానిస్తారు. పక్కల నుంచి వెలుతురు పడితే పిల్లలన్నీ అటే దూకి అద్దాన్ని ముక్కుతో పొడుస్తూ అలసిపోతాయి.

తొట్టె నీళ్లలో కొంచెం నాచు కలిపి లేతపచ్చగా ఉంచడం ఇంకో పద్ధతి. వెలుతురు మెత్తబడుతుంది, ఎర స్పష్టంగా తేలుతుంది. తొట్టెలో మిగిలిన రోటిఫర్లు ఆ నాచును తింటూ బలంగా ఉంటాయి. నాచు కొంత అమోనియాను కూడా పీల్చుకుంటుంది. పేడ వేసిన చెరువు పచ్చబడటం చూసి రైతు తృప్తిపడే కారణాలలో ఇవీ ఉన్నాయి.

నీటి శుభ్రత ఇక్కడ కత్తిమీద సాము. తినగా మిగిలినవీ చచ్చినవీ అడుగున చేరి అమోనియా పుట్టిస్తాయి. పెద్ద చేపల తొట్టెలో అయితే బ్యాక్టీరియా ఉన్న ఫిల్టరు దాన్ని మారుస్తుంది. పిల్లల తొట్టెలో బలమైన ఫిల్టరు పెడితే పిల్లలూ రోటిఫర్లూ అందులోకే పోతాయి. కాబట్టి సన్నని గొట్టంతో సైఫన్ పెట్టి రోజూ అడుగు శుభ్రం చేయాలి. తీసిన నీటికి బదులు అదే ఉప్పదనం, అదే వెచ్చదనం ఉన్న నీళ్లను చుక్కచుక్కగా కలపాలి. గాలి బుడగలు మెల్లగా రావాలి. మూడు మిల్లీమీటర్ల పిల్లకు గట్టి బుడగల దెబ్బ కూడా ప్రాణాంతకమే.

ఆర్టీమియా, పట్టీలు

వారం దాటాక క్లౌన్ పిల్ల నోరు పెద్దదవుతుంది. ఇప్పుడు ఆర్టీమియా వంతు. సముద్రం కన్నా ఎన్నో రెట్లు ఉప్పగా ఉండే సరస్సుల్లో, ఉప్పుమళ్లలో బతికే చిన్న రొయ్యజాతి జీవి ఇది. దాని గుడ్లు ఎండిపోయి ఏళ్లతరబడి నిద్రపోగలవు. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వచ్చిన గుడ్లు డబ్బాల్లో ప్రపంచమంతా అమ్ముడవుతాయి. మన దేశంలో తూత్తుకుడి ఉప్పుమళ్లలోనూ ఆర్టీమియా ఉంది. గుడ్లను ఉప్పునీటిలో పోసి, 28 డిగ్రీల వెచ్చదనంలో, వెలుతురూ గాలీ అందిస్తే ఒక్క రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే ఖాళీ పెంకులు పైకి తేలుతాయి, నారింజరంగు పిల్లలు కింద వెలుతురు వైపు చేరుతాయి. పెంకులు కలవకుండా పిల్లలనే తీయాలి, పెంకులు మింగిన చేపపిల్ల పేగు మూసుకుపోతుంది.

పొదిగిన ఆర్టీమియా పిల్ల తన సొన మీద బతుకుతూ గంటగంటకీ బలం కోల్పోతుంది. తాజాగా వేయాలి, లేదా చల్లగా నిల్వచేయాలి. పైగా దానిలో డీహెచ్‌ఏ లేనట్టే. పొదిగిన ఎనిమిది గంటలకు అది నోరు తెరుస్తుంది. అప్పుడు డీహెచ్‌ఏ ఉన్న నూనె మిశ్రమంలో కొన్ని గంటలు ఉంచితే దాని కడుపు నిండుతుంది. అలా నింపిన ఆర్టీమియాను వేస్తే చేపపిల్లకు అందాల్సింది అందుతుంది.

ఎనిమిది నుంచి పదిహేను రోజుల మధ్య క్లౌన్ పిల్ల రూపం మారుతుంది. నీటి మధ్య తేలే బతుకు మాని అడుగుకూ మూలలకూ చేరుతుంది. ఒంటికి నారింజరంగు పడుతుంది, తెల్లపట్టీలు ఒక్కొక్కటిగా తేలుతాయి. తొలి రోజుల తర్వాత ఎక్కువ పిల్లలు పోయేది ఈ మార్పు సమయంలోనే. పట్టీలు దిద్దేది థైరాయిడ్ హార్మోన్లు. పపువా న్యూగినీలోని కింబే అఖాతంలో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఏ జాతి అనిమొనిలో చేరిందన్నదాన్ని బట్టి క్లౌన్ పిల్లకు పట్టీలు వచ్చే వేగం మారుతుందనీ, వేగంగా వచ్చినవాటిలో థైరాయిడ్ హార్మోన్లు ఎక్కువనీ తేలింది. హేచరీల్లో కొన్ని పిల్లలకు పట్టీలు తెగి, వంకరగా వస్తాయి. పెంపకందారులు అలాంటివాటిని చూసి తొలి పక్షం మేతను మళ్లీ సరిచూసుకుంటారు. ఆ తర్వాత మెత్తని పొడి మేత కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే చేప నిలబడినట్టే. మూడు నాలుగు నెలల్లో అమ్మకానికి సిద్ధమవుతుంది.

కోపిపాడ్ తెరిచిన తలుపు

రోటిఫర్ పట్టని నోళ్ల సంగతేమిటి? సముద్రంలో వాటి సహజమైన తిండి కోపిపాడ్ పిల్లలు. 50, 60 మైక్రాన్ల ఆ జీవి ఒక్క ఉదుటున కదిలి ఆగుతుంది, మళ్లీ కదిలి ఆగుతుంది. ఆ కదలికే చేపపిల్లను దాడికి పురికొల్పుతుంది. డీహెచ్‌ఏ దాని ఒంట్లోనే నిండుగా ఉంటుంది, మనం నింపక్కర్లేదు. కష్టమంతా పెంపకంలోనే. రోటిఫర్లు మిల్లీలీటరుకు వందల్లో కిక్కిరిసి బతికితే, కోపిపాడ్లు ఆ ఇరుకును భరించవు. ఈస్టు తిని ఊరుకోవు, బతికున్న నాచు కావాలి. ఆడా మగా కలవాలి, పిల్లలు దశలు దశలుగా ఎదగాలి.

ఏళ్లతరబడి ఈ చిక్కును విప్పుతూ పోయిన హవాయిలోని ఓషనిక్ ఇన్‌స్టిట్యూట్ 2015లో పసుపురంగు టాంగ్ పిల్లలను తొలిసారి పెంచి నిలబెట్టింది. పర్వోకలానస్ అనే చిన్న కోపిపాడ్ అందులో కీలకమైంది. మరుసటి ఏడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో నీలిరంగు టాంగ్ పిల్లలు పెరిగాయి. అంతకుముందు ఈ రెండు చేపలూ ఎక్కడ కనబడినా అవి సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్స్ దిబ్బల మీద 1960ల నుంచి అలంకార చేపలను మత్తెక్కించి పట్టడానికి సయనైడ్ చల్లారు. ఆ విషం చేపతో ఆగదు, పగడాలనూ చంపుతుంది. హేచరీలో పెరిగిన ప్రతి టాంగ్ అలాంటి వేటకు ఒక జవాబు.

మన గడ్డ మీద

మన దేశంలో ఈ విద్యకు కేంద్రాలు తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ రెండుచోట్లా క్లౌన్ చేపలను, డామ్సెల్ చేపలను గుడ్డు నుంచి అమ్మకం దాకా పెంచే పద్ధతులు రూపొందించింది. పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్లు క్లౌన్ చేపల మీద పనిచేశారు. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ శిక్షణతో స్థానిక మహిళలు క్లౌన్ చేపలను, అలంకార రొయ్యలను పెంచి ఆదాయం పొందుతున్నారు. నవీ ముంబైలోని ఐరోలీలోనూ క్లౌన్ చేపల హేచరీ ఉంది.

తెలుగు తీరానికి ఈ జ్ఞానం కొత్తది కాదు. భీమిలి నుంచి నెల్లూరు దాకా ఉన్న రొయ్యల హేచరీల్లో నాచు గది లేని హేచరీ అరుదు. రొయ్యపిల్ల తొలి దశలో కీటోసిరోస్ నాచు తింటుంది, ఆపైన ఆర్టీమియా తింటుంది. ఆ రెండింటినీ వేళకు అందించే సాంకేతిక నిపుణులు తీరం పొడవునా ఉన్నారు. కృష్ణా జిల్లా రైతులు ఇష్టంగా పెంచే పండుగప్పను 1997లో చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ తొలిసారి మన దేశంలో పట్టి ఉంచి గుడ్లు పెట్టించింది. ఆ పిల్లలకూ తొలి మేత రోటిఫరే. విశాఖపట్నంలోని సముద్ర మత్స్య పరిశోధన కేంద్రం పాంపనో చేపనూ నారింజచుక్కల గ్రూపర్‌నూ గుడ్డు నుంచి పెంచింది. గ్రూపర్ పిల్ల నోరు చాలా చిన్నది, అందుకే దాన్ని పెంచడం వచ్చిన చేతికి అలంకార చేపల పిల్లలు అందనంత దూరంలో లేవు. తినే చేపకూ చూసే చేపకూ తొలి వారం పాఠం ఒకటే.

ఇచ్చోడలో సాధ్యమా?

సాధ్యమే. సముద్రం ఒడ్డున ఉండటం సౌకర్యం మాత్రమే, షరతు కాదు. ప్రపంచంలో క్లౌన్ పిల్లలను పెంచేవాళ్లలో చాలామంది సముద్రానికి దూరంగా, ఉప్పు కలిపిన నీళ్లతోనే పని నడుపుతున్నారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వంటింటి ఉప్పు వేస్తే సరిపోదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ తగుపాళ్లలో ఉన్న అక్వేరియం ఉప్పే కొనాలి. కలిపే నీళ్లు బోరువి కాకూడదు, ఆర్‌ఓ యంత్రంలో వడగట్టినవి కావాలి.

ఈ ప్రాంతపు అసలు సవాలు వాతావరణం. ఆదిలాబాద్ జిల్లాలో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, వేసవిలో 45 డిగ్రీలు తాకుతుంది. క్లౌన్ పిల్లకు 26 నుంచి 28 డిగ్రీలు నిలకడగా కావాలి. చలికాలంలో థర్మోస్టాట్ ఉన్న హీటరు, వేసవిలో నీటి మీదికి ఫ్యాను, చుట్టూ మందపాటి గోడలున్న గది అవసరం. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం తొట్టెలోనే మిగులుతుంది. కాబట్టి తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం రోజురోజుకీ పెరిగిపోతుంది. కరెంటు పోయినప్పుడు గాలిపంపు ఆగకుండా బ్యాటరీ ఉండాలి.

ఇవన్నీ డబ్బుతో కొనగలిగేవే. డబ్బుతో కొనలేనిది రోజూ రెండుపూటలా సూక్ష్మదర్శిని కింద చుక్క నీళ్లు పెట్టి రోటిఫర్లను లెక్కించే అలవాటు. ఆ అలవాటు నేర్పడానికి బడి కన్నా మంచి చోటు లేదు. ఇచ్చోడ బడిలో విజ్ఞానశాస్త్రం చెప్పే టీచరు దగ్గరి చెరువు నుంచి ఒక సీసా పచ్చనీళ్లు తెచ్చి పిల్లలకు చూపిస్తే మంచినీటి రోటిఫర్లు అందులోనే కనిపిస్తాయి. చక్రాల్లా తిరుగుతున్నట్టు కనిపించే వెంట్రుకలతో అవి నాచును నోట్లోకి లాక్కోవడం చూసిన విద్యార్థికి ఈ అధ్యాయంలోని గొలుసంతా కళ్ల ముందే ఉంటుంది.

అక్వేరియం కొనుక్కునేవాళ్ల చేతిలోనూ ఒక బలముంది. సముద్రపు చేప కొనేముందు అది హేచరీలో పెరిగిందా, దిబ్బ మీద పట్టిందా అని దుకాణదారుణ్ణి అడగాలి. హేచరీ చేప చిన్నప్పటి నుంచి తొట్టెకూ పొడి మేతకూ అలవాటుపడి ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎక్కువకాలం బతుకుతుంది. ఆ ప్రశ్న పదిమంది అడిగితే దుకాణదారు అదే ప్రశ్న సరఫరాదారును అడుగుతాడు.

ఇక ఎవరైనా ఈ పనిలోకి దిగాలనుకుంటే వాళ్లకు చెప్పేది ఒక్కటే. క్లౌన్ జంట కోసం తొందరపడవద్దు. ముందు ఒక సీసాలో నానోక్లోరాప్సిస్, ఇంకో సీసాలో రోటిఫర్లు తెచ్చుకోండి. నెలరోజుల పాటు ఆ రెండూ చెడిపోకుండా నడపండి. నాచు పచ్చదనం తగ్గకుండా, రోటిఫర్ల లెక్క పడిపోకుండా చూసుకోగలిగినప్పుడు మగచేప కాపలా కాస్తున్న గుడ్ల వైపు చూడండి. పేడ వేసి నీళ్లు పచ్చబడేదాకా ఓపిక పట్టే చెరువు రైతు చేసేది అదే పని. ఆ ఓపిక ఉన్న ఊళ్లో సముద్రపు పిల్లలూ పెరుగుతాయి.